మ్యూన్ష్‌హౌజెన్ దొర జీవితం, కుటుంబం: తరచుగా అడిగే ప్రశ్నలు

‘మంచౌసెన్ సిండ్రోమ్’ అనే మాట ఆరోగ్యం శీర్షికల్లో చాలామంది చదివే ఉంటారు. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తూ ఆసుపత్రుల చుట్టూ తిరిగే మానసిక సమస్యకు పెట్టిన పేరది. ఆ పేరు ఎవరిదని వెతికితే ‘అబద్ధాలు చెప్పే ఒక జర్మన్ బారన్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క మ్యూన్ష్‌హౌజెన్ అనే ఒక నిజమైన మనిషి మీద పడ్డ అభాండం. ఆ మనిషికి ఊరుంది, అమ్మానాన్నలున్నారు, నలభయ్యారేళ్ళు కాపురం చేసిన భార్య ఉంది. ఆయన గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ఈయన నిజంగా ఉన్నాడా? కథల్లో పాత్ర కాదా?

నిజంగానే ఉన్నాడు. పూర్తి పేరు హియరోనిముస్ కార్ల్ ఫ్రీడ్రిష్ ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్. ఉత్తర జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఉన్న బోడెన్‌వెర్డర్ అనే చిన్న ఊళ్ళో 1720 మే 11న పుట్టాడు. అదే ఊళ్ళో 1797 ఫిబ్రవరి 22న పోయాడు. మధ్యలో పదమూడేళ్ళ దాకా రష్యాలో ఉన్నాడు. కథల్లో ఫిరంగి గుండు మీద కూర్చుని ఎగిరే బారన్ వేరు, ఈయన వేరు. ఆ బారన్‌ను ఇద్దరు రచయితలు తయారుచేశారు, ఈయన దగ్గర తీసుకున్నది పేరు, వేషం, కొన్ని కథలు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

పేరు ఎలా పలకాలి? ఇంగ్లీషులో వేరేగా రాస్తారేం?

జర్మన్‌లో దాదాపు ‘మ్యూన్ష్‌హౌజెన్’. ‘మ్యూన్ష్’ అంటే మఠంలో ఉండే సన్యాసి, ‘హౌజెన్’ అంటే ఇళ్ళు. జర్మన్ స్పెల్లింగ్‌లో రెండు ‘హెచ్’లు వరసగా వస్తాయి. లండన్‌లో ఆయన పేరుతో కథల పుస్తకం వేసినప్పుడు ఒకటి ఎగిరిపోయింది. అందుకే ఒక ‘హెచ్’తో రాస్తే కథల బారన్, రెండింటితో రాస్తే అసలు మనిషి అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. నాకూ అదే సులువు అనిపించింది.

దొర అంటున్నారు, ఎంతపాటి దొర? రాజా, జమీందారా?

రాజు కాదు, సామంతుడు కూడా కాదు. ఆయన బిరుదు ‘ఫ్రైహెర్’. జర్మన్ కులీనుల్లో కింది మెట్లలో ఉండే బిరుదు అది. మర్యాదకి మనుషులు ‘బారన్’ అని పిలిచేవారు. కొంత పొలం, కొంత అడవి, ఊళ్ళో ఒక పెద్ద లోగిలి, వేటాడుకునే హక్కు, ఆ ఊరి వరకు పరపతి. అంతే ఆయన దొరతనం. మన లెక్కలో చిన్న జమీందారు అనుకోవచ్చు, కానీ సొంత సైన్యం, సొంత నాణెం లాంటివేవీ లేవు.

ఆ ప్రాంతం హనోవర్ పాలకుల కిందిది. ఈయన పుట్టేనాటికి హనోవర్ పాలకుడే ఇంగ్లండ్ రాజు కూడా, మొదటి జార్జ్. మన చరిత్ర పాఠాల్లో వరసగా వచ్చే మొదటి నలుగురు జార్జ్ రాజులూ ఆ హనోవర్ ఇంటివాళ్ళే.

ఇలాంటి చిన్న దొరల ఇళ్ళల్లో ఒకటే సమస్య. పిల్లలు ఎక్కువ, భూమి తక్కువ. అందరికీ పంచితే ఎవరికీ మిగలదు. పెద్ద కొలువుల్లో చేరడమో, సైన్యంలోకి వెళ్ళడమో తప్ప మగపిల్లలకు దారి ఉండేది కాదు. హియరోనిముస్ జీవితంలో మొదటి సగమంతా ఈ లెక్కతోనే నడిచింది.

ఆ వంశం ఎంత పాతది? వాళ్ళ చిహ్నంలో సన్యాసి బొమ్మ ఎందుకుంది?

12వ శతాబ్దం నుంచి పేరు కనిపించే వంశం. తర్వాత రెండు శాఖలుగా చీలింది, వాటిని తెల్ల శాఖ, నల్ల శాఖ అంటారు. మన హియరోనిముస్ నల్ల శాఖవాడు. వేజర్ నది పొడవునా వీళ్ళు కట్టించిన కోటలు, లోగిళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 16వ శతాబ్దంలో హిల్మార్ ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్ అనే ఆయన జీతానికి యుద్ధాలు చేసి బాగా గడించాడు. ఆ తరం కట్టడాలే ఆ నదీతీరానికి అందం తెచ్చాయి.

చిహ్నంలో బంగారు రంగు నేల మీద నడుస్తున్న సన్యాసి ఉంటాడు, చేతిలో కర్ర, సంచిలో పుస్తకం. ఇంటిపేరులోనే సన్యాసి ఉన్నాడు కాబట్టి బొమ్మలోనూ ఆయనే వచ్చాడు. పేరును బొమ్మగా వేసుకోవడం ఆ కాలం కులీనుల్లో మామూలే.

అమ్మానాన్నలు ఎవరు? ఎంతమంది పిల్లలు?

తండ్రి గేయోర్గ్ ఒట్టో ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్, సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్. తల్లి సిబిల్లె విల్హెల్మినె, దగ్గర్లోని హాస్టెన్‌బెక్‌కు చెందిన ఫాన్ రేడెన్ వారి ఆడపడుచు. ఎనిమిదిమంది సంతానంలో హియరోనిముస్ ఐదోవాడు. ఆయనకి నాలుగేళ్ళప్పుడు, 1724లో, తండ్రి పోయాడు. ఇంటి భారం, పిల్లల భారం తల్లి మీద పడ్డాయి.

ఆ తల్లి పుట్టింటి ఊరు హాస్టెన్‌బెక్ పేరు తర్వాత యూరప్ అంతా వినబడింది. 1757 జులైలో ఫ్రెంచి సైన్యానికీ, ఇంగ్లండ్ రాజు కొడుకు కంబర్లండ్ డ్యూక్ నడిపిన సైన్యానికీ అక్కడే పెద్ద యుద్ధం జరిగింది. ఆ పోరు జరిగేనాటికి హియరోనిముస్ కొలువు వదిలేసి ఊళ్ళోనే ఉంటున్నాడు.

అంత దూరం రష్యాకి ఎందుకు వెళ్ళాడు?

పెంచి పెద్దచేసిన కొలువే పంపింది. ఇంకా మీసం రాని వయసులోనే జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ రాజకుటుంబం దగ్గర ‘పేజ్’గా చేరాడు. పేజ్ అంటే ఊడిగం చేసే బంట్రోతు కాదు. కులీనుల ఇళ్ళ కుర్రాళ్ళు పెద్ద దొర పక్కన నిలబడి, పనులు చేసిపెడుతూ, మర్యాదలు, గుర్రపుస్వారీ, కత్తిసాము నేర్చుకునే పద్ధతి అది.

అదే ఇంటి రాకుమారుడు ఆంటోన్ ఉల్రిష్ అప్పటికే రష్యా కొలువులో ఉన్నాడు. రష్యా రాణి అన్నా ఇవానోవ్‌నా తన అక్క కూతురు అన్నా లియోపోల్దొవ్‌నాను అతనికిచ్చి పెళ్ళి చేయాలనుకుంటోంది. 1737లో నల్లసముద్రం దగ్గర ఓచకోవ్ కోట ముట్టడిలో ఆంటోన్ ఉల్రిష్ వెంట ఉన్న పేజ్‌లు గాయాలతో చనిపోయారు. వాళ్ళ స్థానంలో కొత్త కుర్రాళ్ళు కావాలని కబురొచ్చింది. పదిహేడేళ్ళ హియరోనిముస్‌ను ఎంచి, ఆ చలికాలంలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు బయల్దేరదీశారు. చనిపోయినవాడి జాగాలోకి వెళ్ళడమంటే ఆ తల్లి ఎంత టెన్షన్ పడి ఉంటుందో! కానీ ఆ రోజుల్లో ఐదో సంతానానికి అంతకన్నా మంచి అవకాశం రాదు.

మంచులో రష్యాకి బయల్దేరడం అనగానే ఒక కథ గుర్తుకొస్తుంది. దొర రాత్రి మంచులో పొడుచుకొచ్చిన ఒక మొద్దుకి గుర్రాన్ని కట్టేసి, పక్కనే పడుకుంటాడు. తెల్లారి లేచేసరికి చర్చి ఆవరణలో ఉంటాడు, గుర్రమేమో గోపురం కొసన వేలాడుతూ ఉంటుంది. రాత్రికి రాత్రి మంచు కరిగిందన్నమాట, మొద్దు అనుకున్నది గోపురం మొన. కథ కల్పితం. ఆ ప్రయాణం, ఆ చలి మాత్రం ఆ కుర్రాడు నిజంగా పడ్డవే.

టర్కీ యుద్ధంలో నిజంగా పోరాడాడా?

1735 నుంచి 1739 దాకా రష్యాకీ టర్కీకీ యుద్ధం నడిచింది. 1738 దండయాత్రలో తన రాకుమారుడి వెంట ఈయనా ఉండి ఉంటాడని చరిత్రకారులు అనుకుంటారు. 1739 చివర్లో ఆంటోన్ ఉల్రిష్ పేరు మీదున్న కవచధారి రౌతుల రెజిమెంటులో ‘కార్నెట్’ హోదాలో చేరాడు. అశ్వదళంలో అందరికన్నా చిన్న అధికారి కార్నెట్. రెజిమెంటు మకాం రీగాలో, అంటే ఇప్పటి లాత్వియా రాజధానిలో.

మంచి ఆరంభమే కదా, తర్వాత ఎందుకు ఎదగలేదు?

అండ పోయింది, అందుకు. ఈ భాగం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది, కొంచెం వివరంగా చెప్తాను.

ఆంటోన్ ఉల్రిష్‌కీ అన్నా లియోపోల్దొవ్‌నాకీ 1740 ఆగస్టులో కొడుకు పుట్టాడు. అక్టోబర్‌లో రాణి అన్నా ఇవానోవ్‌నా పోయింది. రెండు నెలల ఆ పసిగుడ్డును ఆరో ఇవాన్ అన్న పేరుతో రష్యాకి చక్రవర్తిని చేశారు. కొద్దివారాల్లో తల్లి రాజప్రతినిధి అయింది. అంటే మన హియరోనిముస్ కొలిచిన దొర ఇప్పుడు చక్రవర్తికి తండ్రి! ఆ ఏడాదే హియరోనిముస్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఇరవయ్యేళ్ళ వయసులో ఇంకేం కావాలి?

సరిగ్గా ఏడాదికి అంతా తలకిందులైంది. 1741 చలికాలంలో ఒక రాత్రి పీటర్ ది గ్రేట్ చక్రవర్తి కూతురు ఎలిజబెత్ సైనికుల్ని వెంటబెట్టుకుని రాజభవనంలోకి వచ్చి గద్దె లాక్కుంది. పసివాణ్ణి, తల్లిదండ్రుల్ని బంధించారు. అన్నా 1746లో ఉత్తరాన ఖొల్మొగొరీ అనే చోట బందీగానే ప్రసవంలో చనిపోయింది. ఆంటోన్ ఉల్రిష్ ముప్పై ఏళ్ళకు పైగా చెరలోనే ఉండి 1774లో పోయాడు. ఆ పిల్లవాడు ఒంటరిగా పెరిగి, 1764లో ష్లిసెల్‌బుర్గ్ కోటలో కాపలావాళ్ళ చేతుల్లో చచ్చిపోయాడు.

హియరోనిముస్ ఆ రాత్రి రాజధానిలో లేడు, రీగాలో రెజిమెంటుతో ఉన్నాడు. అందుకే బతికిపోయాడు. కానీ పడిపోయిన ఇంటి మనిషిగా ముద్ర పడింది. 1740లో లెఫ్టినెంట్ అయినవాడు రిట్‌మైస్టర్, అంటే అశ్వదళ కెప్టెన్, కావడానికి 1750 దాకా ఆగాల్సి వచ్చింది. పదేళ్ళు! విశ్వాసంగా కొలిచినందుకు దొరికిన ఫలితం అది. ‘గొప్పలు చెప్పే బారన్’ అని నవ్వేవాళ్ళు ఈ పదేళ్ళ సంగతి చదవాలి. తన కథల్లో ఆయన ఎన్నడూ ఓడిపోడు. జీతం పెరగని ఆ పదేళ్ళలో ఆయన ఏ ఫిర్యాదూ చేసినట్టు కనబడదు, డ్యూటీ చేసుకుపోయాడు.

భవిష్యత్తులో మహారాణి అయిన కాథరిన్‌ను కలిశాడంటారు, నిజమేనా?

నిజమే. 1744లో పద్నాలుగేళ్ళ జర్మన్ అమ్మాయి సోఫీ, తల్లితో కలిసి రష్యా రాకుమారుడితో పెళ్ళి కోసం రీగా మీదుగా వెళ్ళింది. వాళ్ళకి స్వాగతం పలికిన గౌరవ దళానికి నాయకుడు లెఫ్టినెంట్ మ్యూన్ష్‌హౌజెన్. ఆ అమ్మాయే తర్వాత కాథరిన్ ది గ్రేట్.

మొదటి భార్య ఎవరు?

యాకోబీనె ఫాన్ డుంటెన్. అప్పట్లో లివోనియా అనే ప్రాంతం రష్యా ఏలుబడిలో ఉన్నా, అక్కడి భూస్వాములు తరతరాలుగా జర్మన్ మాట్లాడేవాళ్ళే. అలాంటి ఒక భూస్వామి, న్యాయాధికారి కూతురు ఆమె. 1744 ఫిబ్రవరి 2న పెర్నిగెల్ చర్చిలో పెళ్ళి జరిగింది. ఆ ఊరి పేరు ఇప్పుడు లియెపుపె. వాళ్ళ పుట్టింటి ఎస్టేటు డుంటెలో కొత్త దంపతులు కొన్నేళ్ళు ఉన్నారు. అల్లుడికి అక్కడి అడవులు, బాతుల వేట తెగ నచ్చాయి.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. 1790 ఆగస్టులో ఆమె చనిపోయేదాకా, నలభయ్యారేళ్ళు, కలిసే ఉన్నారు. పుట్టిన ఊరు, మాట, చుట్టాలు అన్నీ వందల మైళ్ళ దూరాన వదిలేసి భర్త వెంట బోడెన్‌వెర్డర్‌కి వచ్చిన మనిషి ఆమె. కథల పుస్తకాల్లో ఆమె ఊసే లేదు.

ఉద్యోగం వదిలి ఇంటికి ఎప్పుడొచ్చాడు?

1750లో. అన్నదమ్ములతో ఆస్తి పంపకాలు తేల్చుకోవాలని సెలవు పెట్టి వచ్చాడు. బోడెన్‌వెర్డర్ లోగిలి ఆయన వాటాకి వచ్చింది. సెలవు పొడిగించాడు, మళ్ళీ పొడిగించాడు, తిరిగి వెళ్ళలేదు. 1754లో రెజిమెంటు జాబితాలోంచి పేరు కొట్టేశారు. అక్కణ్ణుంచి చనిపోయేదాకా వ్యవసాయం, వేట, చుట్టుపక్కల దొరలతో రాకపోకలు. 1763లో తోటలో చిన్న మంటపం కట్టించుకున్నాడు. కింద రాతి గుహలాంటి గది, పైన కూర్చోవడానికి చోటు. స్నేహితులు చేరితే కబుర్లు అక్కడే సాగేవి.

కథలు నిజంగా చెప్పేవాడా? ఎలా చెప్పేవాడు?

చెప్పేవాడు, చాలా బాగా చెప్పేవాడు. చూసినవాళ్ళ వర్ణన ఒకటి మిగిలింది. రాత్రి భోజనాలయ్యాక పొట్టి కాడ ఉన్న పెద్ద పొగగొట్టం వెలిగించేవాడు. ముందు పొగలు కక్కే పంచ్ అనే మద్యం గ్లాసు. మొదట నింపాదిగా మొదలుపెట్టేవాడు. కథ ముదిరేకొద్దీ పొగ దట్టమయ్యేది, చేతులు కుదురుగా ఉండేవి కావు. తల మీది చిన్న విగ్గును చేతులు అటూ ఇటూ తిప్పేస్తుంటే అది నాట్యం ఆడుతున్నట్టుండేది. మొహం ఎర్రబడేది. మామూలప్పుడు ఎంతో నిజాయితీగా మాట్లాడే మనిషి అని కూడా ఆ వర్ణనలోనే ఉంది.

ఒక కథ చూడండి. గడ్డకట్టే చలిలో ప్రయాణం. బండివాడు కొమ్ముబూర ఎంత ఊదినా చప్పుడు రాదు. సత్రానికి చేరి బూరను వంటింటి పొయ్యి పక్కన మేకుకి తగిలిస్తాడు. కాసేపటికి బూర దానంతటదే మోగడం మొదలుపెడుతుంది. దారిపొడుగునా ఊదిన పాటలన్నీ లోపల గడ్డకట్టి, పొయ్యి వేడికి కరిగి, ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి!

ఇవన్నీ ఆయన సొంతంగా అల్లినవి కావు. కోట తలుపు పడి గుర్రం రెండు ముక్కలైన కథ 16వ శతాబ్దపు లాటిన్ హాస్యకథల్లోనే ఉంది. ఆయన గొప్పతనమంతా చెప్పే తీరులో ఉంది. యుద్ధాల గురించి, వేట గురించి ఎవరైనా మరీ కోతలు కోస్తుంటే అంతకన్నా పెద్ద కోత కోసి, మొహంలో నవ్వు కనబడనీయకుండా కూర్చునేవాడట.

అయితే అబద్ధాలకోరు అన్నది నిజమే కదా?

నేను ఒప్పుకోను. మోసం చేయడానికి చెప్పేది అబద్ధం. వినేవాళ్ళకీ చెప్పేవాడికీ ఇద్దరికీ తెలిసి సాగేది ఆట. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర, అదే తుపాకి రాముడు, వస్తే ఏం చేస్తాం? ఖాకీ చొక్కా, టోపీ, భుజాన కట్టె తుపాకి. వేల ఎకరాల పొలం, లెక్కలేనన్ని మేడలు ఉన్నాయంటాడు. వాకిట్లో నిలబడి పడీ పడీ నవ్వుతాం, తోచింది ఇచ్చి పంపిస్తాం. ‘అబద్ధాలకోరు’ అని ఎవరూ తిట్టరు, పోలీసుల్ని పిలవరు. తుపాకి రాముడి మాట విని ఆనందించిన ఊళ్ళో పుట్టినవాళ్ళకి మ్యూన్ష్‌హౌజెన్ దొర మీద జాలి, అభిమానం రెండూ కలుగుతాయి. ఆయన ఆ ఆటను తన ఇంట్లో, తన అతిథుల మధ్య ఆడాడు. ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. మాట మీద నిలబడే మనిషని లావాదేవీల్లో పేరున్నవాడు.

మరి పుస్తకం ఎవరు రాశారు?

ముందుగా 1781లో బెర్లిన్‌లో అచ్చయ్యే ఒక హాస్య సంచికలో పదహారు కథలు వచ్చాయి. దొర పేరును అక్షరాలు మింగి, మధ్యలో గీతలు పెట్టి వేశారు. తెలిసినవాళ్ళకి తెలిసిపోయింది. 1783లో మరి రెండు కథలు. వాటిని రాసిందెవరో చెప్పలేదు.

అసలు దెబ్బ లండన్ నుంచి వచ్చింది. రూడోల్ఫ్ ఎరిక్ రాస్పె అని హనోవర్‌లో పుట్టిన పండితుడు ఉండేవాడు. భూగర్భ శాస్త్రంలో దిట్ట. కాసెల్‌లో అక్కడి పాలకుడి రత్నాల, నాణేల సేకరణకు సంరక్షకుడిగా ఉంటూ వాటినే దొంగతనంగా అమ్ముకున్నాడు. బయటపడగానే 1775లో ఇంగ్లండ్‌కి పారిపోయాడు. అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ అతని సభ్యత్వం తీసేసింది. డబ్బుకి కటకటలాడుతూ, ఆ కథల్ని ఇంగ్లీషులోకి మార్చి, ఇంకొన్ని కలిపి, 1785 చివర్లో ఒక షిల్లింగ్ ధరకు చిన్న పుస్తకం వేయించాడు. తన పేరు పెట్టుకోలేదు. మ్యూన్ష్‌హౌజెన్ పేరు మాత్రం అట్ట మీదే పెట్టాడు. పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది.

మరుసటి ఏడాదే గొట్‌ఫ్రీడ్ ఆగస్ట్ బ్యుర్గర్ అనే పేరున్న కవి దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు, సొంతంగా చాలా కలిపాడు. ఫిరంగి గుండు మీద స్వారీ, బురదలో కూరుకుపోతే తన జుట్టు తనే పట్టుకుని గుర్రంతో సహా పైకి లాక్కోవడం, ఈ రెండూ బ్యుర్గర్ చేర్చినవే. అతనూ పేరు పెట్టుకోలేదు. పుస్తకం గ్యోటింగెన్‌లో అచ్చయింది, అట్ట మీద మాత్రం లండన్ అని వేశారు.

నాకు బాధనిపించేది ఇక్కడే. గ్యోటింగెన్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవాడు గెర్లాఖ్ అడోల్ఫ్ ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్ అనే హనోవర్ మంత్రి, మన దొరకి వేలువిడిచిన చుట్టం. రాస్పె చదువుకున్నది అక్కడే. బ్యుర్గర్ చదువుకున్నదీ, పాఠాలు చెప్పిందీ అక్కడే. ఆ ఇంటివాళ్ళు పెట్టిన చదువు తిన్న ఇద్దరు ఆ ఇంటి పేరునే వీధిలో పెట్టారు. రాస్పె రాసిన సంగతి 1824 దాకా లోకానికి తెలియనే లేదు. అప్పటికి రాస్పె, బ్యుర్గర్, దొర ముగ్గురూ పోయి పాతికేళ్ళు దాటింది.

దొర ఏం చేశాడు? కేసు వేయలేదా?

పుస్తకం వచ్చేసరికి ఆయనకి అరవై ఐదు దాటాయి. ‘అబద్ధాల బారన్’ అన్న మాట జర్మన్ దేశాలంతా పాకింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆయన్ని చూడ్డానికి బోడెన్‌వెర్డర్‌కి వచ్చేవాళ్ళు. గేటు దగ్గర గుమిగూడే జనాన్ని నౌకర్లు తరిమేయాల్సి వచ్చేది. సైనికాధికారికి, కులీనుడికి మాట పోవడమంటే పరువు పోవడమే. ఆయన చాలా కోపగించుకున్నాడు, కథలు చెప్పడం మానేశాడంటారు.

కేసు ఎవరి మీద వేయాలి? రాసినవాడి పేరు లేదు. అచ్చయిన చోటు దొంగది. అప్పటి జర్మనీ ఒక దేశం కాదు, వందల చిన్న రాజ్యాలు, ఎక్కడి చట్టం అక్కడిదే. ఇవాళ మన వీడియో ఎవరో తీసి, మాటలు మార్చి, పేరు తెలియని అకౌంట్‌లోంచి వదిలితే పడే బాధ ఎలాంటిదో ఆయన పడ్డదీ అలాంటిదే.

రెండో పెళ్ళి గొడవేంటి?

యాకోబీనె పోయిన మూడేళ్ళకు, 1794 జనవరిలో, డెబ్బై మూడేళ్ళ వయసులో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు బెర్న్‌హార్డీనె బ్రున్‌జిగ్ ఫాన్ బ్రున్, రిటైరైన ఒక మేజర్ కూతురు. ఆయనకన్నా యాభై ఏళ్ళకు పైగా చిన్నది. ఆ వేసవిలో ఒంట్లో బాగాలేదని ఆమె పిర్మాంట్ అనే ఆరోగ్య స్నానాల ఊరికి వెళ్ళింది. అక్కడ నాట్యాలు, సరదాలతో గడిపిందని ఊరంతా గుసగుసలు. 1795 ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డ తనది కాదని దొర కోర్టుకెక్కాడు. విడాకులు, మనోవర్తి, లాయర్ల ఫీజులు. ఉన్న డబ్బు వాటికే అయిపోయి, అప్పులు మిగిలాయి.

తప్పంతా ఆమె మీదికి తోసేయడం నాకు ఇష్టం లేదు. తాత వయసు మనిషికి ఇచ్చి చేశారు. ఆమె వైపు మాట ఏ కథల పుస్తకంలోనూ ఎక్కలేదు. దొర చివరి ఏళ్ళు ఈ వ్యాజ్యంతోనే గడిచాయి, 1797లో ఆయన పోయేనాటికి ఇంట్లో తోడు కూర్చునే భార్య లేదు.

వారసులు ఉన్నారా?

ఆయన సొంత సంతానమని ఒప్పుకున్నవాళ్ళెవరూ లేరు, కాబట్టి ఆయన నుంచి నేరుగా దిగిన వంశం లేదు. వంశం మొత్తంగా మాత్రం పెద్దది, ఇప్పటికీ ఉంది. 1919 తర్వాత జర్మనీలో కులీనుల హక్కులు రద్దయ్యాయి. ‘ఫ్రైహెర్ ఫాన్’ అనేది బిరుదుగా పోయి, ఇంటిపేరులో భాగంగా మిగిలింది.

ఆ వంశంలో ఇంకెవరైనా ప్రసిద్ధులున్నారా?

మంత్రి గెర్లాఖ్ అడోల్ఫ్ (1688–1770) సంగతి పైన చెప్పాను. 1737లో ప్రారంభోత్సవం జరిగిన గ్యోటింగెన్ విశ్వవిద్యాలయం తర్వాత ప్రపంచ గణితానికే పుట్టిల్లు లాంటిదైంది. 20వ శతాబ్దంలో బ్యోరీస్ ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్ అనే కవి పేరు తెచ్చుకున్నాడు, నాజీల పక్షాన నిలిచి ఆ పేరు పోగొట్టుకున్నాడు.

నాకు ఇష్టమైనవాడు ఒట్టో ఫాన్ మ్యూన్ష్‌హౌజెన్ (1716–1774). దొరకి సమకాలికుడు, వ్యవసాయం మీద రాసిన పండితుడు. వాళ్ళ ష్వ్యొబెర్ తోట జర్మనీలో అనాసపండు పండించిన తొలి తోటల్లో ఒకటి. ఆయనకి ప్రసిద్ధ శాస్త్రవేత్త లిన్నేయస్‌తో స్నేహం. 1770లో ఊదా రంగు పూలు గుత్తులుగా పూసే ఒక చెట్టుకి లిన్నేయస్ ‘మ్యూన్ష్‌హౌజియా స్పెసియోసా’ అని పేరు పెట్టాడు. ఆ పేరు తర్వాత మారి లాగర్‌స్ట్రోమియా స్పెసియోసా అయింది. మనకది కొత్త చెట్టేమీ కాదు. మహారాష్ట్ర రాష్ట్ర పుష్పం అదే, వేసవిలో హైదరాబాద్ రోడ్ల పక్కన, పార్కుల్లో పూస్తుంది. ఈసారి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. రేకులు నలిగిన పట్టుగుడ్డలా ముడతలు ముడతలుగా ఉంటాయి.

జబ్బుకి ఆయన పేరు ఎవరు పెట్టారు?

1951లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో, ఊరూరా తిరుగుతూ నాటకీయమైన కథలు చెప్పే రోగుల్ని చూస్తే ఆ బారన్ గుర్తొస్తాడని, ఈ సిండ్రోమ్‌ను ఆయనకే గౌరవంగా అంకితం చేస్తున్నానని అన్నాడు. ఆయన ఉద్దేశం కథల బారన్. పేరు మాత్రం మళ్ళీ అసలు మనిషికే తగిలింది. దొర ఏ రోజూ లేని జబ్బు నటించలేదు. ఇప్పుడు వైద్యులు ఈ సమస్యకు వేరే పేరు వాడుతున్నారు, జనం నోట్లో పాతదే నానుతోంది.

ఆయనకి సంబంధించినవి ఇప్పుడు ఏం చూడొచ్చు?

బోడెన్‌వెర్డర్‌లో ఆయన పుట్టిన లోగిలి ఇప్పుడు పురపాలక కార్యాలయం. దాని ముందు సగం గుర్రం మీద కూర్చుని ఉన్న దొర విగ్రహం, ఫౌంటెన్ ఉన్నాయి. గుర్రం నీళ్ళు తాగుతుంటుంది, తెగిపోయిన వెనక భాగం నుంచి ఆ నీళ్ళు బయటికి పోతుంటాయి. దగ్గర్లోనే మ్యూజియం ఉంది. 1763లో కట్టించుకున్న తోట మంటపం కూడా నిలిచి ఉంది. లాత్వియాలోని డుంటెలో, యాకోబీనె పుట్టింటి ఎస్టేటులో, మరో మ్యూజియం పెట్టారు.

సమాధి చూడాలంటే ఊరికి ఆనుకునే ఉన్న కెమ్నాడె వెళ్ళాలి. 11వ శతాబ్దంలో ఒక మఠం కోసం కట్టిన రాతి చర్చి అది. దొరను ఆ చర్చిలోనే ఖననం చేశారు.